ఒకటి కలుపుకో

జనవరి 11, ఆదివారం మధ్యాహ్నం 2 గంటల 38 నిమిషాలకు ఈరీ స్టేడియంలో, అమెరికన్ ఫుట్‌బాల్ ఆట మధ్యలో, రిఫరీల గదిలో, ఈరీ జట్టు వాడుతున్న పన్నెండు బంతుల్లో గాలి కొలిచారు. పన్నెండూ తక్కువ చూపాయి. కొలిచింది లీగ్ పరిశీలకుడు హాలిస్ బ్రౌన్‌లీ. కొలిచిన గేజ్ రోమన్ డుడెక్‌ది. ఆ బంతులు సిద్ధం చేసింది కూడా డుడెకే. ఈరీ జట్టు సామాన్ల గదిలో ఆయన పని అది.

గదిలో మూడో మనిషి డెల్మర్ స్టాంపర్. ప్రత్యర్థి డేటన్ జట్టుకు బంతులు చూసేవాడు. తన సంచి కోసం గోడ పక్కన నిలబడి ఉన్నాడు.

ఈ ఆటలో ఏ జట్టు విసిరే బంతులు ఆ జట్టే తెచ్చుకుంటుంది. మొదటి సగంలో డేటన్ ఆటగాడొకడు ఈరీ బంతిని అడ్డుపడి పట్టుకున్నాడు. మెత్తగా ఉందని బెంచీ దగ్గర చెప్పాడు. మెత్తటి బంతి మీద చలిలో చేతికి బాగా పట్టు చిక్కుతుంది, విసిరేవాడికి లాభం. డేటన్ కోచ్ ఫిర్యాదు చేశాడు. విరామంలో కొలవాల్సి వచ్చింది.

బ్రౌన్‌లీ సొంత గేజ్ చలికి పనిచేయలేదు. బ్యాటరీ తీసి చొక్కాకు తుడిచి మళ్లీ పెట్టాడు. అంకెలు రాలేదు. గోడ గడియారం చూశాడు.

"ఎవరి దగ్గరైనా ఉందా?"

డుడెక్ చొక్కా జేబులోంచి తన గేజ్ తీశాడు. సూదిని పెదవులతో తడిపి, తిప్పి, పిడి వైపు నుంచి అందించాడు.

"ఇది ఒక పౌండు తక్కువ చూపిస్తుంది, హాలిస్. ఎంత వస్తే దానికి ఒకటి కలుపుకో."

"సరే సరే."

"నాది ముప్పావు ఎక్కువ చూపిస్తుంది గురూ," అన్నాడు డెల్మర్. "రెండూ అతికిస్తే ఒక మంచి గేజ్ అవుద్ది."

"అతికించి లీగ్‌కే అమ్ముదాం," అన్నాడు డుడెక్.

ఈ పనిలో ఉన్నవాళ్లు తప్పు చూపే గేజ్‌ను పారేయరు. కొత్త గేజ్ ఎంత తప్పో తెలియదు. పాతదాని తప్పు తెలుసు, అది మారదు, మనసులో కలుపుకుంటారు, లేదా తీసేస్తారు. ఒకరి గేజ్ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ఆ తప్పు చెప్పి ఇవ్వడం ఆనవాయితీ. చెప్పకుండా ఇచ్చినవాడికి మళ్లీ ఎవరూ ఏమీ అరువివ్వరు.

బ్రౌన్‌లీ కొలిచాడు. పదకొండున్నరకూ పదకొండు ముప్పావుకూ మధ్య వచ్చిన పన్నెండు అంకెలు వరసగా రాసుకున్నాడు. నియమం ప్రకారం గాలి ఒత్తిడి పన్నెండున్నర పౌండ్లకు తగ్గకూడదు. ఒకటి కలపలేదు. వారంలో ఐదు రోజులు ఆయన ఇండియానాలో ఒక హైస్కూలులో లెక్కలు చెబుతాడు.

డేటన్ బంతుల సంచి ఒకసారి పైకెత్తి కింద పెట్టాడు. "ఇవి బాగానే ఉన్నట్టున్నాయి. టైం లేదు."

డెల్మర్ సంచి భుజాన వేసుకున్నాడు. పొద్దున వెచ్చటి గదిలో ఆ బంతులకు సరిగ్గా పన్నెండున్నర దగ్గరే గాలి ఆపాడు. తన జట్టులో బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌కు అలాగే ఇష్టం. బయట గంటన్నర మంచులో ఉన్నాక అవి పన్నెండున్నర ఉండవు. సంచిలోకి చెయ్యి పెట్టి పైన ఉన్న బంతిని బొటనవేలితో నొక్కాడు. పన్నెండు కూడా లేదు. చెయ్యి తీసేసి మైదానంలోకి వెళ్లాడు.

ఈరీ 24-20తో గెలిచింది. ఆట తర్వాత బ్రౌన్‌లీ గేజ్ తెచ్చి డుడెక్ చేతికిచ్చి థాంక్స్ చెప్పాడు.

*

మంగళవారానికి లీగ్ విచారణ మొదలైంది. ఆదివారం ఓటమితో డేటన్‌కు సీజన్ అయిపోయింది. సామాన్ల గదిలో లాకర్లు ఖాళీ చేస్తున్నారు. డెల్మర్ హెల్మెట్లు విప్పుతున్నాడు. ముందు గడ్డం పట్టీ, తర్వాత లోపలి మెత్తలు, ఆ తర్వాత ముఖం మీది జాలీ. బిగిసిన స్క్రూకు ఒక చుక్క నూనె వేసి ఆగుతాడు. చిప్పను దీపానికి ఎత్తి పట్టి, చెవి రంధ్రం చుట్టూ గోటితో గీరి పగులు వెతుకుతాడు. పగిలినవి ఎడమ పక్కకు.

రేడియోలో ఒక భౌతికశాస్త్రం ప్రొఫెసర్ చలికి బంతిలో గాలి ఎంత తగ్గుతుందో చెప్పాడు. తర్వాత ఫోన్ చేసినవాడు, ఆ ప్రొఫెసర్ ఈరీలో పుట్టాడేమో కనుక్కోమన్నాడు. ప్రొఫెసర్ పుట్టింది బఫెలోలో. అక్కడికి తొంభై మైళ్లే కదా అన్నాడు కార్యక్రమం నడిపేవాడు. మధ్యాహ్నానికి ఊళ్లో ఒక బేకరీ సొట్టపోయిన బంతి ఆకారంలో కేకులు అమ్మకానికి పెట్టింది. ఓడిపోయిన ఊరు రెండు రోజుల్లో మోసపోయిన ఊరైంది. అందరి మొహాల్లో తేట కనబడింది.

సామాన్ల గది మేనేజరు క్రెయిగ్ వెస్టర్‌ఫీల్డ్ గుమ్మంలో నిలబడ్డాడు. డెల్మర్ కన్నా పదిహేడేళ్లు చిన్న.

"డెల్, పైకి రా. లాయరమ్మ పిలుస్తోంది."

"స్క్రూ నానుతోంది."

"స్క్రూ ఎక్కడికీ పోదులే, రా."

క్లబ్ లాయరు మెరెడిత్ కోల్ పదకొండు ప్రశ్నలు టైపు చేసుకుని వచ్చింది. అవును, కాదు అంటే చాలునంది. ఆ గదిలో ఉన్నారా. అవును. బంతులు కొలవడం చూశారా. అవును. గేజ్ డుడెక్ ఇచ్చాడా. అవును. అంకెలు పన్నెండున్నరకు తక్కువ వచ్చాయా. అవును. బంతులు కొలతకు ముందు డుడెక్ ఆధీనంలోనే ఉన్నాయా.

"అవును. అందరి బంతులూ వాళ్ల వాళ్ల దగ్గరే ఉంటాయి మేడమ్."

"అవునని రాసుకుంటున్నాను."

పదకొండో ప్రశ్న అయ్యాక డెల్మర్ కుర్చీలో కదిలాడు.

"ఇంకో సంగతుంది. గేజ్ ఇచ్చేటప్పుడు ఆయన ఒక మాటన్నాడు."

ఆమె పెన్ను మూత పెట్టింది. "మిస్టర్ స్టాంపర్, ఇది మీరు చూసినదాని వాంగ్మూలం. విన్నవి రాయడం మొదలుపెడితే ఎక్కడ ఆగుతాం?"

"నా ఎదుటే అన్నాడు."

"సంతకం ఇక్కడ. తేదీ కూడా."

సంతకం పెట్టాడు. పక్కన నిలబడ్డ క్రెయిగ్ అతని భుజం తట్టాడు. మెట్లు దిగుతుండగా అడిగాడు, "ఏమన్నాడు?"

"ఒకటి కలుపుకోమన్నాడు. అది తక్కువ చూపిస్తుందని."

క్రెయిగ్ రెండు మెట్లు దిగి ఆగాడు. "నాకు చెప్పావు సరే. ఇంకెవరికీ చెప్పకు. ఈరీ వాళ్లతో మాట్లాడొద్దని పొద్దున పైనుంచి కాగితం వచ్చింది. ఫోన్లు కూడా వద్దన్నారు."

"నేనేం మాట్లాడలేదు."

"మంచిది. కొత్త ఆటగాళ్లను ఎంచుకునేటప్పుడు రెండో రౌండులో వాళ్ల వంతు, వాళ్ల పిక్, శిక్ష కింద మనకు వచ్చేలా ఉంది డెల్. కొత్త కుర్రాడు వస్తాడు. నీకేం నష్టం?"

డెల్మర్ గదికి తిరిగి వెళ్లాడు. స్క్రూ నానింది. తిప్పితే వచ్చింది.

*

బుధవారం సాయంత్రం ఐదింటికి లీగ్ తన ప్రాథమిక నివేదికను పత్రికలకిచ్చింది. బంతుల్లో గాలి ఉద్దేశపూర్వకంగా తీశారన్నది "జరగకపోవడం కన్నా జరిగి ఉండటానికే ఎక్కువ వీలున్న" విషయమని అందులో ఉంది. డుడెక్‌ను పని నుంచి తాత్కాలికంగా తప్పించారు. ఈరీ క్వార్టర్‌బ్యాక్‌కు ఆ సంగతి తెలుసా లేదా అన్నది శుక్రవారం తేలుస్తామన్నారు. తెలుసని తేలితే తర్వాతి ఆటలో అతను ఉండడు.

గేజ్ గురించి ఒక పేరా ఉంది. తన గేజ్ తక్కువ చూపుతుందని డుడెక్ చెప్పాడు. అందుకని లీగ్ అదే రకం గేజ్ ఒకటి దుకాణంలో కొంది. రెండు వందల సార్లు పరీక్షించింది. అది సరిగ్గా చూపింది. డుడెక్ గేజ్‌ను మాత్రం పరీక్షకు తీసుకోలేదు. ఆదివారం నుంచి అది అతని దగ్గరే ఉంది కనుక నమ్మడానికి లేదన్నారు. గేజ్ తీసుకున్నప్పుడు డుడెక్ ఏదైనా చెప్పినట్టు తనకు గుర్తు లేదని బ్రౌన్‌లీ అన్నాడు.

డెల్మర్ వంటగదిలో ఆ పేరా రెండుసార్లు చదివాడు. భార్య ఓపల్ ఉత్తరాల పంపిణీ నుంచి అప్పుడే వచ్చి, బూట్లు విప్పి, పాదాలు వేడినీళ్ల బకెట్లో పెట్టుకుని కూర్చుంది. పొయ్యి మీద చిక్కుళ్లు ఉడుకుతున్నాయి.

"ఏమంటున్నారు?" అంది.

చెప్పాడు. ఆదివారం తను విన్నదీ చెప్పాడు.

"నిన్నెవరైనా అడిగారా?"

"అడగలేదు."

"నువ్వు చెప్పబోయావు, వద్దన్నారు."

"అవును."

"అయితే నీ తప్పేముంది?"

డెల్మర్ లేచి పొయ్యి తగ్గించాడు. గరిటెతో అడుగు కలిపాడు. "ఆ రోజు మన బంతులు కొలిచి ఉంటే ఇప్పుడు ఆయన స్థానంలో నేనుండేవాణ్ణి. మనవి నిజంగానే తగ్గాయి."

"తీశావా గాలి?"

"లేదు. చలి తీసింది."

"మరి?"

"ఆయనకూ అంతే. అదీ కాదు, ఆయనవి సరిగ్గా ఉన్నాయి."

ఓపల్ బకెట్లో కాళ్లు కదిపింది. "యాభై ఒక్కేళ్లు నీకు. ఇక్కడ తీసేస్తే ఇంకో జట్టు తీసుకుంటుందా?"

"తీసుకోదు."

"ఆ రోమన్ నీకేమన్నా ఫోన్ చేశాడా? నా తరఫున చెప్పు అన్నాడా?"

"చెయ్యలేదు."

"చూడు. ఆయనకే లేదు ఆ ఆత్రం." ఆమె తువ్వాలు కోసం చెయ్యి చాచింది. అతను అందించాడు. పాదాలు వేలు వేలుకూ తుడుచుకుంది. తర్వాత అంది, "నువ్వు చెప్తే ఉద్యోగం పోద్ది. చెప్పకపోతే ఈ మొహం నేను రోజూ చూడాలి. తిను ముందు."

*

గురువారం మధ్యాహ్నం 12 గంటల 20 నిమిషాలకు డెల్మర్ పార్కింగులో కారులో కూర్చుని లీగ్ విచారణాధికారి గోర్డన్ లీత్‌కు ఫోన్ చేశాడు. నంబరు నివేదిక మొదటి పేజీలో ఉంది. గేజ్ ఇచ్చేటప్పుడు డుడెక్ చెప్పింది తాను విన్నానని, వాంగ్మూలం ఇస్తానని చెప్పాడు. లీత్ అతని పేరు అక్షరం అక్షరం అడిగి రాసుకున్నాడు. శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు కొలంబస్ విమానాశ్రయం పక్క హోటలుకు రమ్మన్నాడు.

లోపలికొచ్చి క్రెయిగ్‌కు చెప్పాడు.

"సెలవు కావాలా?" అన్నాడు క్రెయిగ్.

"పొద్దున పూట."

"ఎందుకో నేను అడగలేదు. నువ్వు చెప్పలేదు." క్రెయిగ్ చేతిలోని జాబితాలోకి చూశాడు. "తిక్క మనిషివి డెల్. రేపు వెళ్లేలోపు మోకాలి మెత్తలు లెక్క పెట్టెయ్."

డెల్మర్ ఆ సాయంత్రం మోకాలి మెత్తలు లెక్కపెట్టాడు.

శుక్రవారం పొద్దున హోటలు గదిలో పొడుగాటి బల్ల, మీద కాఫీ ఫ్లాస్కు, ఒక రికార్డరు, లీగ్ కొన్న కొత్త గేజ్, ప్లాస్టిక్ సంచిలో ఒక బంతి ఉన్నాయి. లీత్ కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. మర్యాదస్థుడు. కాఫీ తనే పోసిచ్చాడు.

డెల్మర్ చెప్పాల్సింది నాలుగు నిమిషాల్లో చెప్పాడు. తన జోకూ, డుడెక్ జవాబూ కూడా చెప్పాడు. లీత్ మధ్యలో అడ్డు రాలేదు.

"మంగళవారం వాంగ్మూలంలో ఇవేమీ లేవే."

"చెప్పబోయాను. విన్నవి వద్దన్నారు."

"ఎవరు?"

"మా లాయరమ్మ."

లీత్ ఆ పేరు రాసుకోలేదు. "మీరూ డుడెకూ స్నేహితులా?"

"ఏడాదికి రెండుసార్లు కలుస్తాం. పంపు పాడైతే ఆయన ఇస్తాడు. ఇక్కడికొస్తే నేనిస్తాను."

"అంటే అవును."

"మీ ఇష్టం. సార్, ఒకటి అడగనా? ఆయన గేజ్ ఎందుకు పరీక్షించలేదు?"

"అతని దగ్గర ఉంది కనుక. వంచి ఉండొచ్చు, తిప్పి ఉండొచ్చు."

"ఆదివారం కూడా ఆయన జేబులోంచే వచ్చింది కదా. శిక్ష వెయ్యడానికి పనికొచ్చిన గేజ్ విడిపించడానికి పనికిరాదా?"

"మంచి వాదన," అన్నాడు లీత్. "నేను మీ స్థానంలో ఉంటే నేనూ అదే అడుగుతాను." రాసుకోలేదు.

"పన్నెండు బంతుల్లో సరిగ్గా ఒక్కో పౌండు చొప్పున గాలి ఎవడు తీస్తాడు? చేత్తో తీస్తే ఒకటి ఎక్కువ పోద్ది, ఒకటి తక్కువ పోద్ది. మీ కాగితంలో అన్నీ పావు తేడాలోనే ఉన్నాయి. గాలి తగ్గలేదు సార్. గేజ్ తగ్గింది."

"మీరు ఇంజనీరా?"

డెల్మర్ సంచిలోంచి బంతి తీశాడు. రెండు అరచేతుల మధ్య తిప్పి, కుట్టు పక్కన బొటనవేలితో రెండు చోట్ల నొక్కాడు.

"పన్నెండు ముప్పావు."

లీత్ నవ్వి కొత్త గేజ్ అందుకున్నాడు. సూదిని రంధ్రంలో గుచ్చబోయాడు. దిగలేదు.

"పొడి సూది పెట్టకూడదు. లోపలి రబ్బరు తిత్తి చిరుగుద్ది." డెల్మర్ దాన్ని తీసుకుని పెదవులతో తడిపి ఇచ్చాడు. లీత్ ఒక క్షణం సూది వైపు చూసి, తర్వాత గుచ్చాడు. 12.7 వచ్చింది.

"గొప్ప విద్య," అన్నాడు లీత్. "సాక్ష్యం కాదు, అంతే." చేతి రుమాలుతో వేళ్లు తుడుచుకున్నాడు. ఫైలులోంచి ఒక కాగితం తీసి బల్ల మీద అతని వైపు తిప్పి పెట్టాడు.

డుడెక్ సంతకం కింద తేదీ, సమయం ఉన్నాయి. గురువారం సాయంత్రం 5 గంటల 10 నిమిషాలు. పైన ఇలా ఉంది: బంతుల్లో గాలి నేనే తీశాను. ఆటగాళ్లకు గానీ, కోచ్‌లకు గానీ, యాజమాన్యానికి గానీ తెలియదు. నా సొంత నిర్ణయం.

డెల్మర్ చదివాడు. మళ్లీ పైనుంచి చదివాడు.

"నేను నిన్న పన్నెండు ఇరవైకి ఫోన్ చేశాను," అన్నాడు. "ఎందుకో కూడా చెప్పాను."

"అవును. నోట్ చేసుకున్నాను."

"ఇది ఐదు పదికి పెట్టాడు."

"అవును. ఇప్పుడు మీరు నిరపరాధి అంటున్న మనిషి నేనే చేశానంటున్నాడు. ఇద్దర్లో ఒకరు అబద్ధం. ఏది రాయమంటారు?"

"రెండూ రాయండి."

"నివేదికకు ఒకటే ముగింపు ఉంటుంది మిస్టర్ స్టాంపర్. ఇవాళ చెప్పింది వెనక్కి తీసుకుంటున్నానని రాసిస్తే మీరు పొరబడ్డారనుకుంటాం. గదిలో గోల ఎక్కువగా ఉండి ఉంటుంది. రాసివ్వకపోతే రెండు వాంగ్మూలాల తేడా గురించి మీ క్లబ్‌కు తెలియజేయాల్సి వస్తుంది."

"గదిలో ముగ్గురమే ఉన్నాం. గోల లేదు."

లీత్ ఖాళీ కాగితం, పెన్ను ముందుకు జరిపాడు. డెల్మర్ పెన్ను తీసుకోలేదు. బంతిని మళ్లీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి, మూతి మడిచి, లేచాడు.

*

ఆదివారం ఈరీ క్వార్టర్‌బ్యాక్ ఆడాడు. ఈరీ ఓడింది.

సోమవారం పొద్దున ఎనిమిదింటికి క్రెయిగ్ డెల్మర్‌ను తాళాలు అడిగాడు. అతని చేతిలో ఉన్న కాగితంలో "పరస్పర విరుద్ధ వాంగ్మూలాలు, విశ్వసనీయత లోపం" అని ఉంది. తాళాలు నాలుగు. బీరువాది, పంపుల గదిది, లాండ్రీది, వెనక తలుపుది. డెల్మర్ రింగులోంచి ఒక్కొక్కటీ గోటితో నెట్టి తీశాడు. లాండ్రీ తాళం బిగిసిపోయింది. క్రెయిగ్ సాయం చేశాడు.

"నేను చెప్పాను కదా డెల్."

"చెప్పావు."

"మోకాలి మెత్తల లెక్క ఎక్కడ పెట్టావు?"

"నీ బల్ల మీద ఉంది."

సాయంత్రం ఆరింటికి ఇంటికి ఫోన్ వచ్చింది. డుడెక్.

"విన్నాను," అన్నాడు డుడెక్. "మా వాళ్లే చెప్పుకుంటుంటే విన్నాను. నువ్వు వెళ్లి చెప్పావటగా."

"చెప్పాను."

"నాకేం తెలుసు నువ్వు చెప్తావని?"

"నువ్వొక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది."

"చేస్తే నీ ఉద్యోగం పోద్ది కదా, అని చెయ్యలేదు."

అవతల టీవీ వినిపించింది. డుడెక్ తన భార్యతో "స్టేడియంలో మనోడేలే, పడుకో" అన్నాడు. తర్వాత ఫోన్లోకి వచ్చాడు.

"జోసీకి వారానికి మూడు డయాలసిస్‌లు. ఇన్సూరెన్స్ క్లబ్‌ది. సంతకం పెడితే ఆమెకు అరవై ఐదేళ్లు వచ్చేదాకా ఉంచుతామన్నారు మా క్లబ్ వాళ్లు. పెట్టకపోతే ఈ నెలాఖరుకి ఆఖరు."

"అడగలేదు నేను."

"తెలుసు. చెప్తున్నా. ఏ సూదితో తీశావని కూడా అడిగారు తెలుసా? చిన్నదాంతో అన్నాను. రాసుకున్నారు. చిన్నదనేది ఒకటుందా డెల్మర్?"

"లేదు."

"లేదు కదా." డుడెక్ నవ్వాడు, దగ్గాడు. "బుధవారం వచ్చినప్పుడు శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆలోచించుకోమన్నారు. నేను కూడా శుక్రవారం దాకా ఉంది కదా అనుకున్నా. గురువారం మళ్లీ వచ్చారు. ఇవాళే, ఐదింటిలోపే అన్నారు. ఏమొచ్చిందో ఏమో."

"గురువారం ఎన్నింటికి వచ్చారు?"

"రెండు. రెండు కూడా కాలేదేమో. జోసీని దించి అప్పుడే వచ్చా. ఎందుకు?"

తను లీత్‌కు ఫోన్ చేసింది ఆ రోజే, పన్నెండు ఇరవైకి. డెల్మర్ ఫోన్ ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చుకున్నాడు. వంటగదిలో ఓపల్ కంచాలు సర్దడం ఆపింది.

"ఊరికే అడిగాను," అన్నాడు డెల్మర్.

*

లీగ్ తుది నివేదిక జనవరి 23, శుక్రవారం సాయంత్రం వెలువడింది. రోమన్ డుడెక్‌ను లీగ్‌లోని అన్ని జట్ల నుంచి జీవితకాలం నిషేధించారు. ఈరీ రెండో రౌండు పిక్ డేటన్‌కు వెళ్లింది. ఆటగాళ్ల మీద చర్య లేదు. హాలిస్ బ్రౌన్‌లీని ఫిబ్రవరిలో జరిగే ఫైనల్‌కు పరిశీలకుడిగా నియమించారు. డెల్మర్ స్టాంపర్ శుక్రవారం ఇచ్చిన వాంగ్మూలాన్ని నివేదికకు పద్నాలుగో అనుబంధంగా చేర్చారు. అనుబంధాలను విడుదల చేయలేదు.